కెమెరా సున్నా అంటే ఏ కెమెరా?

కెమెరా బొమ్మలతో పనిచేసే ఓపెన్‌సీవీ లైబ్రరీ నేర్చుకునే ఎవరైనా రాసే మొదటి లైను వీడియోక్యాప్చర్, బ్రాకెట్లో సున్నా. ల్యాప్‌టాప్ మూత మీది కెమెరా లైటు వెలుగుతుంది, తెర మీద మన మొహం వస్తుంది, ఇంట్లో వాళ్లని పిలిచి చూపిస్తాం కూడా. రెండో కెమెరా కావాలంటే సున్నా తీసేసి ఒకటి పెట్టండి అని ఏ ట్యుటోరియల్లో చూసినా ఒక్క వాక్యం ఉంటుంది, దాంతో ఆ సంగతి అయిపోయినట్టే. ఒకే కంప్యూటరుకి రెండు మూడు కెమెరాలు తగిలించి, జనం రోజూ వాడే చోట వదిలేసి వచ్చే పని ఎప్పుడైనా పడితే మాత్రం ఆ ఒక్క వాక్యం ఎంత మోసమో తెలుస్తుంది.

అసలు ఆ సున్నా ఎక్కడిది? ఆపరేటింగ్ సిస్టమ్‌ని నీ దగ్గరున్న వీడియో కెమెరాలు ఏవేవో చెప్పు అని అడిగితే అది ఒక్కొక్కటిగా అందిస్తుంది, ప్రోగ్రాము వాటిని వచ్చిన వరుసలో ఒక కలెక్షన్‌లో వేసుకుంటుంది, మొదట వచ్చింది సున్నా, ఆ తర్వాతది ఒకటి. అంతే. కెమెరా డబ్బా మీద గానీ లోపలి చిప్‌లో గానీ ఆ నంబరు ఎక్కడా లేదు. పెళ్లి భోజనాల్లో మూడో విస్తరి లాంటిదన్నమాట. ఈ బంతిలో అక్కడ మన బాబాయి కూర్చున్నాడు కదా అని వచ్చే బంతిలో కూడా మూడో విస్తట్లో ఆయన కోసం పప్పు వేయించారనుకోండి, అది మగపెళ్లివారి తరఫు ఎవరో పెద్దాయనకి పడుతుంది. ఆయన తినేస్తాడు కూడా. కెమెరాలదీ అదే తంతు, తప్పు కెమెరా తెరుచుకున్నా ఎర్రర్ ఏమీ రాదు, బొమ్మ చక్కగా వస్తుంది, కాకపోతే వేరే బొమ్మ.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. పాత వీడియో ఫర్ విండోస్ రోజుల్లో క్యాప్‌గెట్‌డ్రైవర్‌డిస్క్రిప్షన్ అని ఒక ఫంక్షన్ ఉండేది. దానికి 0 నుంచి 9 లోపు నంబరు ఇస్తే ఆ స్థానంలో ఉన్న క్యాప్చర్ డ్రైవరు పేరు చెప్పేది. ప్లగ్ అండ్ ప్లే డ్రైవర్లు ముందు, రిజిస్ట్రీలో రాసినవి తర్వాత, సిస్టమ్ డాట్ ఐఎన్ఐ ఫైల్లో ఉన్నవి ఆఖర్న అని వరుస కూడా డాక్యుమెంటేషన్‌లో రాసి పెట్టారు. ఆ తర్వాత కెమెరాల్ని చేరడానికి విండోస్‌లో వచ్చిన డైరెక్ట్‌షోలో పదింటి పరిమితి పోయింది, కానీ ఏది ముందు ఏది వెనక అన్న హామీ కూడా దాంతోపాటే పోయింది. నంబరుతో పిలిచే అలవాటు మాత్రం మనకి మిగిలిపోయింది.

ఈ మధ్య నా చేతికి వచ్చిన ఒక కేసు చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులు ఎన్నున్నాయో ఆ రోడ్డు మీద వెళ్లినవాళ్లకి తెలుసు. అందులో ఒక మిల్లులో లారీలు తూచే వేబ్రిడ్జి, అంటే కాంటా గదిలో ఒక కంప్యూటరు, దానికి రెండు యూఎస్‌బీ కెమెరాలు. ఒకటి కిటికీ బయట లారీ నంబరు ప్లేటు వైపు, రెండోది కౌంటరు దగ్గర చీటీ తీసుకునే డ్రైవరు వైపు. లారీ కాంటా ఎక్కగానే లోడు బరువు, దింపి వచ్చాక ఖాళీ బరువు, రెండుసార్లూ రెండు ఫొటోలు, అన్నీ కలిపి చీటీ మీద ప్రింటు. బరువు మీద రేపు గొడవ వస్తే ఆ ఫొటోలే సాక్ష్యం. సాఫ్ట్‌వేర్ ఎప్పుడో ఇంకెవరో సీ షార్ప్‌లో రాసిచ్చారు, వాళ్లు ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు, అందుకని తెలిసినవాళ్ల ద్వారా నాదాకా వచ్చింది. నంబరు ప్లేటు ఉండాల్సిన చోట డ్రైవరు మొహం, డ్రైవరు ఉండాల్సిన చోట బంపరు ప్రింటవుతున్నాయి.

ఆపరేటరు చెప్పింది ఒకటే ముక్క: "నిన్నటిదాక మంచిగనే ఉండె సార్, యూపీఎస్ మార్చినంక ఇట్ల అయింది. సెట్టింగుల చూస్తే అన్నీ కరెక్టే ఉన్నయి."

ఈ రెండో వాక్యమే నాకు ఆసక్తిగా అనిపించింది. యూపీఎస్ మార్చేటప్పుడు సీపీయూ వెనక వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చి ఉంటారు, పోర్టులు మారి ఉంటాయి, వరుస తారుమారై ఉంటుంది, ఇంతవరకూ ఎవరైనా ఊహిస్తారు. కానీ వరుస మారితే సెట్టింగుల్లో పేర్లు కూడా అటూ ఇటూ అవ్వాలి కదా. అవలేదు. సెట్టింగుల పేజీలో నంబరు ప్లేటు ఎదురుగా హెచ్‌డీ వెబ్‌క్యామ్ అనే ఉంది, డ్రైవరు ఎదురుగా యూఎస్‌బీ 2.0 పీసీ కెమెరా అనే ఉంది, కిటికీ బయట బిగించింది కూడా నిజంగా ఆ హెచ్‌డీ వెబ్‌క్యామే. బొటనవేలు పెట్టి దాని లెన్సు మూస్తే మాత్రం నల్లబడింది డ్రైవరు ఫొటో.

కోడు తెరిస్తే సంగతి అర్థమైంది. సెట్టింగుల పేజీలో పేర్ల జాబితా తెచ్చేది ఏఫోర్జ్ అనే లైబ్రరీ, ఫొటో తీసేది ఓపెన్‌సీవీ. రెంటికీ మధ్య నడిచేది ఒక్క అంకె. ఏఫోర్జ్‌లో ఫిల్టర్‌ఇన్ఫోకలెక్షన్ అని ఒక క్లాసు ఉంటుంది, వీడియో ఇన్‌పుట్ పరికరాలు కావాలని దాన్ని తయారు చేస్తే కలెక్షన్ చేతికొస్తుంది, సున్నా అంటే మొదటిది, ఒకటి అంటే రెండోది, ఒక్కొక్కదానికీ ఒక నేమ్, ఒక మోనికర్ స్ట్రింగ్, అంటే ఆ కెమెరాని విండోస్ గుర్తుపట్టే పొడవాటి పేరు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ సోర్సు చదివితే గానీ కనబడని ముక్క ఒకటుంది, విండోస్ ఇచ్చిన పరికరాలన్నీ సర్దుకున్నాక అది ఆ జాబితాని పేరు ప్రకారం సార్ట్ చేస్తుంది. ఇంగ్లిషు అక్షరాల వరుసలో హెచ్ ఎప్పుడూ యూ కంటే ముందే వస్తుంది, కాబట్టి మీరు వైర్లు ఎలా గుచ్చినా ఏఫోర్జ్ దృష్టిలో హెచ్‌డీ వెబ్‌క్యామ్ సున్నా, పీసీ కెమెరా ఒకటి. ఓపెన్‌సీవీ సార్ట్ చేయదు, విండోస్ ఏ వరుసలో ఇస్తే ఆ వరుసే. మొదట బిగించిన రోజున రెండు వరుసలూ కలిసొచ్చాయి, అందరూ బాగానే ఉందనుకున్నారు. యూపీఎస్ మార్చిన రోజున విండోస్ వరుస మారింది, ఏఫోర్జ్ వరుస మారలేదు, అంకె ఒకటే అయినా రెండు లైబ్రరీలూ చెరో కెమెరా వైపు చూడటం మొదలుపెట్టాయి.

ఏఫోర్జ్‌ని తిట్టడానికి లేదు, డ్రాప్‌డౌన్‌లో పేర్లు వరుసగా కనబడాలంటే సార్ట్ చేయడం సబబే. పైగా తన కలెక్షన్‌లోంచి మోనికర్ స్ట్రింగ్ తీసుకుని తన వీడియోక్యాప్చర్‌డివైస్‌కి ఇవ్వమనే అది అడుగుతుంది, అంకె కాదు. మోనికర్ ఇచ్చి తెరిస్తే ఈ గొడవే రాదు. ఒక లైబ్రరీ కలెక్షన్‌లోని స్థానాన్ని తీసుకెళ్లి ఇంకో లైబ్రరీకి ఇవ్వడం దగ్గరే పని చెడింది. ఓపెన్‌సీవీ ఎందుకు పెట్టారంటే ఫొటో మీద బరువూ తేదీ రాయడానికట.

ఇంతకీ ఓపెన్‌సీవీలోనే కెమెరాల పేర్ల జాబితా ఎందుకు తీసుకోకూడదు అంటారా? లేదు కాబట్టి. ఏ బ్యాకెండ్‌లు, అంటే కెమెరాని చేరే దారులు, ఉన్నాయో చెప్పే రిజిస్ట్రీ ఉంది గానీ, ఏ కెమెరాలు ఉన్నాయో, వాటి పేర్లేంటో చెప్పే మామూలు ఫంక్షన్ నేను వాడిన 4 సిరీస్‌లో లేదు. అందుకే జనం పేర్ల కోసం పక్క లైబ్రరీల్ని తెచ్చుకుంటారు, అందుకే ఈ అతుకుల బొంత.

అతుకు వేయక తప్పనప్పుడు కనీసం ఒకే గుడ్డతో వేయాలి. విండోస్‌లో కెమెరాని చేరడానికి రెండు దారులు, పాత డైరెక్ట్‌షో, కొత్త మీడియా ఫౌండేషన్. ఓపెన్‌సీవీ 4లో మీరేమీ చెప్పకపోతే ముందు మీడియా ఫౌండేషన్ దారిలో వెళ్తుంది, అక్కడ కుదరకపోతే డైరెక్ట్‌షో. ఈ రెండు దారుల్లో వరుసలు ఒకటే ఉండాలని లేదు, లెక్క కూడా ఒకటే ఉండాలని లేదు. తెర రికార్డు చేసే ఓబీఎస్ వేసుకున్న కంప్యూటర్లో డైరెక్ట్‌షో జాబితా తీస్తే ఓబీఎస్ వర్చువల్ కెమెరా కూడా ఒక కెమెరాగా కూర్చుని ఉంటుంది, డైరెక్ట్‌షో ఫిల్టరుగా మాత్రమే నమోదైన అలాంటి వర్చువల్ కెమెరా మీడియా ఫౌండేషన్ వైపు కనబడదు. అక్కడ మూడు, ఇక్కడ రెండు. కాబట్టి పేర్లు డైరెక్ట్‌షో నుంచి తెచ్చుకుంటే తెరిచేటప్పుడు కూడా డైరెక్ట్‌షోతోనే తెరువు అని ఓపెన్‌సీవీకి గట్టిగా చెప్పాలి, రెండో ఆర్గ్యుమెంటుగా క్యాప్ డీషో ఇస్తే సరి. పాత కోడుల్లో 700, 701 అని వింత నంబర్లు కనబడితే కంగారు పడకండి, డైరెక్ట్‌షో కోడ్ 700, దానికి కెమెరా నంబరు కలిపి రాసే పాత పద్ధతి అది. మీడియా ఫౌండేషన్‌కి 1400, లైనక్స్‌లో కెమెరాల దారి అయిన వీ4ఎల్‌కి 200. పనిలో పనిగా, మీడియా ఫౌండేషన్‌లో కెమెరా తెరుచుకోవడానికి యుగాలు పడుతోందని విసుక్కునేవాళ్లు ఓపెన్‌సీవీ హార్డ్‌వేర్ ట్రాన్స్‌ఫార్మ్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని సున్నా చేసి చూడండి, చాలా చోట్ల వెంటనే తెరుచుకుంటుంది.

సరే, అంకె వద్దు, పేరు దాచుకుందాం అంటే? రెండూ వేర్వేరు మోడళ్లయితే పేరు సరిపోతుంది. కానీ మన వాళ్లు కొనేటప్పుడు ఎలా కొంటారో తెలుసు కదా, సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి "ఇదే మోడల్ రెండివ్వండి, రేటు చూసుకోండి" అంటారు. అప్పుడు కలెక్షన్‌లో సున్నా పేరూ ఒకటి పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. వీడియో టూలు ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ వాళ్లు ఈ చిక్కు చూసే డైరెక్ట్‌షో ఇన్‌పుట్‌కి వీడియో డివైస్ నంబర్ అని ఒక ఆప్షన్ పెట్టారు, ఒకే పేరున్న కెమెరాల్లో ఎన్నోది అని చెప్పడానికి, అదీ సున్నా నుంచే మొదలు. అంటే తిరిగి తిరిగి మళ్లీ అంకె దగ్గరికే వచ్చాం.

నమ్మదగ్గది డివైస్ పాత్. డైరెక్ట్‌షోలో ఒక్కో మోనికర్‌కి ఉండే ప్రాపర్టీల్లో ఫ్రెండ్లీ నేమ్, అంటే తెర మీద కనబడే పేరు, పక్కనే ఇదీ ఉంటుంది. మొదటిసారి చూస్తే భయపెట్టేలా ఉంటుంది గానీ ముక్కలు చేస్తే తేలికే. బ్యాక్‌స్లాషులు, ప్రశ్న గుర్తు దాటాక యూఎస్‌బీ అని ఉంటుంది, తర్వాత హ్యాష్ గుర్తు, తర్వాత వీఐడీ, అంటే తయారీదారు నంబరు, 046డి ఉంటే లాజిటెక్ అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆ తర్వాత పీఐడీ, అంటే మోడల్ నంబరు. ఎంఐ 00 అంటే ఆ పరికరంలో మొదటి ఇంటర్‌ఫేస్, మైకు కూడా ఉన్న కెమెరాల్లో ఇది కనిపిస్తుంది. ఇంకో హ్యాష్ తర్వాత వచ్చే అక్షరాల చెత్త ఉంది చూశారా, అసలు సరుకు అదే. ఒకే మోడల్ కెమెరాలు రెండుంటే ముందు భాగమంతా ఒకటే, ఈ తోక మాత్రం వేరు. కెమెరాలో యూఎస్‌బీ సీరియల్ నంబరు లేకపోతే, చవక కెమెరాల్లో తరచూ ఉండదు, విండోస్ ఆ తోకని ఏ హబ్బులో ఏ పోర్టుకి గుచ్చారు అన్నదాన్ని బట్టి తయారు చేస్తుంది. అంటే అప్పుడది కెమెరా గుర్తు కాదు, కన్నం గుర్తు. అదే కెమెరాని పక్క పోర్టుకి మార్చండి, విండోస్ టింగ్ మని శబ్దం చేసి కొత్త పరికరం వచ్చిందంటుంది, పాత్ మారిపోతుంది.

ఇందులో నాకు నచ్చే సంగతి ఏంటంటే, మారిన పాత్ దొరకదు. అంకె అయితే ఎప్పుడూ ఏదో ఒక కెమెరాకి దొరుకుతుంది, తప్పయినా దొరుకుతుంది. పాత్ దొరికితే సరైనదే దొరుకుతుంది, లేకపోతే అసలు దొరకదు. కాంటా దగ్గర కావాల్సింది సరిగ్గా ఇదే. ఫొటో లేని చీటీ చూస్తే ఆపరేటరు వెంటనే అడుగుతాడు, తప్పు ఫొటో ఉన్న చీటీని వారం రోజులైనా ఎవరూ చూడరు.

మిల్లులో చేసింది కూడా ఇంతే. డైరెక్ట్‌షో లిబ్ అనే చిన్న లైబ్రరీలో గెట్‌డివైసెస్‌ఆఫ్‌క్యాట్ అని ఉంటుంది, అది సార్ట్ చేయకుండా విండోస్ ఇచ్చిన వరుసలోనే కెమెరాల్ని ఇస్తుంది, ప్రతిదానికీ డివైస్ పాత్ కూడా ఇస్తుంది. ప్రోగ్రాము మొదలవగానే ఆ జాబితా తీసుకోవాలి, సెట్టింగుల్లో దాచిన పాత్ ఆ జాబితాలో ఎన్నో స్థానంలో ఉందో వెతకాలి, ఆ స్థానాన్ని అప్పటికప్పుడు ఓపెన్‌సీవీకి డైరెక్ట్‌షో అని చెప్పి ఇవ్వాలి, ఆ అంకెని ఎక్కడా దాచకూడదు. ఫైల్లోకి వెళ్లేది పాత్ ఒక్కటే. దొరకకపోతే మిగిలిన కెమెరాని వాడుకుందాంలే అనే తెలివి చూపించకూడదు, "నంబరు ప్లేటు కెమెరా కనబడటం లేదు, వైరు చూడండి" అని తెర మీద ఎర్ర అక్షరాల్లో పడాలి. సెట్టింగుల పేజీలో పేర్ల డ్రాప్‌డౌన్ తీసేశాను, ఉన్న కెమెరాలన్నిటి లైవ్ బొమ్మలూ పక్కపక్కన చూపించి ప్రతి బొమ్మ కింద రెండు బటన్లు పెట్టాను, ఇది నంబరు ప్లేటు, ఇది డ్రైవరు. ఆపరేటరు బొమ్మ చూసి నొక్కుతాడు. ఫ్రెండ్లీ నేమ్ అనే మాట అతనికి అక్కర్లేదు, నిజానికి ఎవరికీ అక్కర్లేదు. సీపీయూ వెనక రెండు పోర్టుల దగ్గర తెల్ల టేపు అంటించి మార్కరుతో ప్లేటు, డ్రైవరు అని రాయడం కూడా ఈ పరిష్కారంలో భాగమే, నవ్వకండి.

ఇంకో రెండు గుంటలున్నాయి, పక్కనుంచి వెళ్లేటప్పుడు చూసుకోండి. ఈ కలెక్షన్ ఏదైనా సరే తీసిన క్షణానికి ఫొటో లాంటిది, బతికున్న జాబితా కాదు. ప్రోగ్రాము నడుస్తుండగా ఎవరైనా కెమెరా పీకి గుచ్చితే మీ చేతిలో ఉన్న కలెక్షన్‌కి ఆ సంగతి తెలియదు. విండోస్ డివైస్ చేంజ్ మెసేజ్ పంపుతుంది, అది అందుకున్నప్పుడల్లా జాబితా మళ్లీ తీసుకోవాలి. రెండోది, ఒక్క కెమెరా కూడా లేనప్పుడు. డైరెక్ట్‌షోని నేరుగా సీ ప్లస్ ప్లస్‌లో పిలిచేవాళ్లకి ఇది బాగా తెలిసే దెబ్బ, కెమెరాలు లేకపోతే క్రియేట్‌క్లాస్‌ఎన్యూమరేటర్ ఫెయిలవదు, ఎస్ ఫాల్స్ అనే, ఫెయిల్ కిందకి రాని కోడ్ ఇచ్చి పాయింటరు మాత్రం ఖాళీగా వదిలేస్తుంది. ఫెయిల్డ్ మాక్రోతో చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, తర్వాతి లైన్లో ప్రోగ్రాము కూలుతుంది. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ కెమెరా ఉంటుంది కాబట్టి ఇది ఆఫీసులో ఎన్నడూ బయటపడదు.

జాబితా లేదు కదా అని 0 నుంచి 9 దాకా లూపు తిప్పి, తెరుచుకున్నవన్నీ కెమెరాలే అనుకునే కోడు కూడా చాలా చోట్ల తిరుగుతోంది. ఒక్కొక్క కెమెరా లైటూ వెలిగి ఆరిపోతుంటే దీపావళిలా ఉంటుంది గానీ పద్ధతి మంచిది కాదు. జూమ్ కాల్‌లో ఉన్న కెమెరా తెరుచుకోకపోవచ్చు, అక్కడ బ్రేక్ పెట్టి ఉంటే దాని తర్వాతి కెమెరాలు లెక్కలోకే రావు.

లైనక్స్‌లో ఆ బ్రేక్ ఇంకా ఘోరం. అక్కడ కెమెరాలు డెవ్ ఫోల్డరులో వీడియో0, వీడియో1 అని ఫైళ్లలా కనిపిస్తాయి, చూడగానే హమ్మయ్య ఇక్కడైనా నంబరు స్పష్టంగా ఉంది అనిపిస్తుంది. కానీ కొత్త కెర్నల్స్‌లో మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్ ఒక్కటి గుచ్చితే రెండు ఫైళ్లు వస్తాయి, ఒకటి బొమ్మకి, రెండోది మెటాడేటాకి. ఆ రెండోదాన్ని తెరిచి ఫ్రేము అడిగితే ఏమీ రాదు. కాబట్టి మీ రెండో కెమెరా ఒకటి కాదు, రెండు. ల్యాప్‌టాప్‌లో మొహం గుర్తుపట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కూడా ఉంటే బయట గుచ్చింది నాలుగు అవ్వొచ్చు. రాస్ప్‌బెర్రీ పై మీద వీడియో10 నుంచి పైన కనబడేవి చూసి ఇన్ని కెమెరాలు ఎక్కడివి అనుకోకండి, అవి వీడియో ఎన్‌కోడరు, డీకోడరు లాంటివి, కెమెరాలు కావు. వీ4ఎల్2 సీటీఎల్ అనే టూలులో లిస్ట్ డివైసెస్ కొడితే ఏ ఫైలు ఏ కెమెరాదో గుంపులుగా చూపిస్తుంది.

అయితే లైనక్స్ వాళ్లు మందు కూడా పక్కనే పెట్టారు. డెవ్ లోపల వీ4ఎల్ అనే ఫోల్డరు, దాంట్లో బై ఐడీ, బై పాత్ అని రెండు ఫోల్డర్లు. బై ఐడీలో కంపెనీ, మోడల్, సీరియల్ కలిపిన పేరుతో లింకు, బై పాత్‌లో ఏ యూఎస్‌బీ కన్నమో ఆ పేరుతో లింకు. విండోస్ ఒకే తోకలో కలిపేసిన రెండు సంగతుల్నీ వీళ్లు విడదీసి మన చేతికిచ్చారు, కెమెరా ముఖ్యమా కన్నం ముఖ్యమా మీరే తేల్చుకోండి అని. సీరియల్ లేని కవల కెమెరాలైతే బై ఐడీలో రెండూ ఒకే పేరు కోసం కొట్టుకుని ఒక్క లింకే మిగులుతుంది, అప్పుడు బై పాత్ తప్ప దారి లేదు. చివర ఇండెక్స్0 అని ఉన్నది బొమ్మకి, ఇండెక్స్1 మెటాడేటాకి. ఓపెన్‌సీవీకి అంకె బదులు ఈ దారినే స్ట్రింగుగా ఇవ్వొచ్చు, వీ4ఎల్2 బ్యాకెండ్ నోరు మూసుకుని తెరుస్తుంది. కాంటా గదుల్లో కంప్యూటర్లన్నీ లైనక్స్ అయ్యుంటే నాకు ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదు.

మ్యాక్ గురించి ఒక్క మాట. 2022లో వచ్చిన వెంచురా నుంచి కంటిన్యుటీ కెమెరా అని ఐఫోన్ని వెబ్‌క్యామ్‌లా వాడుకోవచ్చు కదా, ఆ ఫోను కూడా కెమెరాల జాబితాలోకి వచ్చి కూర్చుంటుంది. నిన్నటిదాకా సున్నాకి మన మొహం వచ్చేది, ఇవాళ టేబుల్ మీద బోర్లా పడుకున్న ఫోను చూస్తున్న చీకటి వస్తుంటే కారణం అదే. మ్యాక్‌లో కెమెరాల లైబ్రరీ ఏవీఫౌండేషన్‌లో ప్రతి కెమెరాకీ యూనిక్ ఐడీ ఉంటుంది, దాన్ని దాచుకోండి. బ్రౌజరు వాళ్లది ఇంకో రకం, ఎన్యూమరేట్‌డివైసెస్ అని పిలిస్తే జాబితా వస్తుంది గానీ యూజరు కెమెరాకి అనుమతి ఇచ్చేదాకా పేర్లన్నీ ఖాళీ. డివైస్ ఐడీ దాచుకోవచ్చు, కానీ అది ఆ సైటుకే పరిమితం, యూజరు కుకీలు తుడిచేస్తే అదీ మారుతుంది. ప్రైవసీ కోసం కావాలనే అలా చేశారు, కాబట్టి ఐడీ దొరకనప్పుడు యూజర్నే మళ్లీ అడగడం తప్ప వేరే మార్గం లేదు.

అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు మొదటి కెమెరా వస్తుంది, రెండోది తెరుచుకుంటుంది గానీ బొమ్మ రాదు. అప్పుడు నంబర్ల మీద అనుమానం పెట్టుకుని రాత్రంతా కూర్చోకండి, హబ్బు చూడండి. 640 బై 480 బొమ్మ, కంప్రెస్ చేయని వైయూవై2 ఫార్మాట్‌లో, సెకనుకి 30 ఫ్రేములంటే దాదాపు 147 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 మొత్తం కాగితం మీద 480, అందులో కెమెరాలకి నిజంగా దక్కేది ఇంకా తక్కువ, పైగా కెమెరా తనకి నిజంగా అవసరమైన దానికంటే ఎక్కువ బ్యాండ్‌విడ్త్ ముందే పట్టి పెట్టుకోవచ్చు. ఒకే హబ్బుకి రెండు మూడు గుచ్చితే ఆఖరుదానికి చోటుండదు. లైనక్స్ అయితే నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ అంటుంది, అది చూసి హార్డ్ డిస్క్ ఖాళీ చేసినవాళ్లు నాకు తెలుసు. ఫార్మాట్‌ని కంప్రెస్ చేసి పంపే ఎంజేపెగ్‌కి మార్చండి, లేదా ఒక కెమెరాని కంప్యూటరు వెనకున్న వేరే కంట్రోలరు పోర్టుకి మార్చండి. పోర్టు మారిస్తే పాత్ మారుతుంది, మళ్లీ ఆ రెండు బటన్లు నొక్కాలి, గుర్తుంచుకోండి.

మిల్లు వాళ్లు ఇప్పుడు ఐపీ కెమెరాలకి మారదామంటున్నారు. మారాల్సిందే, యూఎస్‌బీ 2.0 కేబులు 5 మీటర్లు దాటితే మధ్యలో రిపీటరు కావాలి, కాంటాకి రెండో చివర కూడా కెమెరా కావాలంటే ఆ పొడవు ఎక్కడ సరిపోతుంది. అక్కడ అంకెలుండవు, ఒక్కో కెమెరాకీ నెట్‌వర్కు మీద వీడియో పంపే ఆర్టీఎస్‌పీ అడ్రసు ఉంటుంది, ఓపెన్‌సీవీకి ఆ అడ్రసే ఇస్తాం. కాకపోతే రౌటరు డీహెచ్‌సీపీలో ఐపీలు పంచుతుంటే, కరెంటు పోయి వచ్చాక ముందు లేచిన కెమెరాకి నిన్నటి రెండోదాని అడ్రసు పడే అవకాశం ఉంది, మళ్లీ బంపరు స్థానంలో డ్రైవరు. బిగించే అబ్బాయికి ముందే చెప్పాను, రౌటర్లోకి వెళ్లి ప్రతి కెమెరా మ్యాక్ అడ్రస్‌కీ ఒక ఐపీ రిజర్వ్ చేసి, ఆ ఐపీని కెమెరా డబ్బా మీద స్టిక్కరు రాసి అంటించాకే నిచ్చెన దిగమని.